ఉల్లి వేరు కొనలో ఆరు వారాలు

ఇంటర్మీడియట్‌లో ఉల్లి వేరు స్లైడును వరుసలో నిలబడి అర నిమిషం చూశాను. ఇప్పుడు సొంత సూక్ష్మదర్శిని ఉంది. కణం విభజనకు ఎలా సిద్ధపడుతుందో తీరిగ్గా చూడాలని మొదలుపెట్టాను. జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే పిన్ని ఫోనులో దారి చూపిస్తోంది.

మొదటి వారం. నాలుగు ఉల్లిగడ్డలను గ్లాసుల మీద, అడుగు నీటికి తగిలీ తగలనట్టు నిలబెట్టాను. ఒక్కదానికే వేళ్లు వచ్చాయి. "కొత్త పంట గడ్డలు తెచ్చి ఉంటావు, అవి ఇంకా నిద్రలో ఉంటాయి. రెండు మూడు నెలలు నిల్వ ఉన్నవి తీసుకో. పాత ఎండు వేళ్లను బ్లేడుతో పైపైన గీకు, లోతుగా కోయకు" అంది పిన్ని. అలా చేసి, రోజూ నీళ్లు మార్చాను. మూడో రోజుకల్లా గడ్డ చుట్టూ తెల్లని వేళ్లు రెండు సెంటీమీటర్ల వరకు దిగాయి.

రెండో వారం. ఉదయం కోసిన వేళ్లను మూడు పాళ్లు ఆల్కహాలు, ఒక పాలు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో ఒక రోజు ఉంచాను. కణాలు ఏ పనిలో ఉన్నవి ఆ పనిలోనే ఆగిపోతాయి. ఆ తర్వాత డెబ్భై శాతం ఆల్కహాలులో వేస్తే నిల్వ ఉంటాయి. ఈ పనంతా వంటింట్లో కాదు, కిటికీ తెరిచి, చేతి తొడుగులతో, మంటకు దూరంగా చేయాలి.

మొదటి స్లైడులో ఒక్క విభజనా లేదు. అన్నీ పొడవాటి కణాలే. వేరును కొనకు బాగా పైన కోశానని అప్పుడు తెలిసింది. ఆ తప్పు వల్లే ఎదగడం రెండు రకాలని నాకు అర్థమైంది. పైనున్న కణం తన రిక్తికను, అంటే లోపలి నీటి సంచిని, నింపుకుని సాగుతుంది, ఇక విభజన జోలికి పోదు. కొన దగ్గరి చిన్న కణం ప్రొటీన్లు, వాటిని తయారు చేసే రైబోసోములు సమకూర్చుకుంటూ లోపలి సరుకును పెంచుకుంటుంది. విభజనకు వెళ్లేది ఇదే.

మూడో వారం నుంచి కొనలో రెండు మిల్లీమీటర్లే తీసుకుంటున్నాను. 60 డిగ్రీల నీటిలో ఉంచిన పరీక్షనాళికలో, 1 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఆరు నిమిషాలు. కణాలను అతికించి ఉంచే పెక్టిన్ వదులవుతుంది. నాలుగు నిమిషాలకు తీస్తే కణాలు గుంపులుగానే మిగిలాయి, పదికి రంగు సరిగా పట్టలేదు. నీటిలో కడిగి, క్రోమోజోములకు ఎర్ర రంగు పట్టించే ఎసిటోకార్మిన్ చుక్కలో పావుగంట ఉంచి, కవర్‌స్లిప్ వేసి, పెన్సిలు వెనకవైపు రబ్బరుతో మెల్లగా తట్టి, అద్దుడు కాగితం మడతలో పెట్టి బొటనవేలితో నిటారుగా నొక్కాలి. పక్కకు జరిగితే కణాలు చుట్టలు చుట్టుకుపోతాయి.

నాలుగో వారం, విభజనలో వరుసగా వచ్చే నాలుగు దశల లెక్క: 500 కణాల్లో ప్రథమ దశ 24, మధ్యస్థ దశ 7, చలన దశ 4, అంత్య దశ 6. మొత్తం 41. మిగతా 459 అంతర్దశలో, అంటే రెండు విభజనల మధ్య కాలంలో, ఉన్నవే. నేను వెతికి వెతికి ఫొటోలు తీస్తున్న ఘట్టం కణం జీవితంలో చిన్న ముక్క. అప్పటి నుంచి ఆ 459 మీదే ధ్యాస పెట్టాను.

వాటిలో కేంద్రకాలన్నీ ఒక పరిమాణంలో లేవు. పక్కపక్కనే, చిన్నవిగా, సమానంగా ఉన్న జంటలు ఇప్పుడే పుట్టినవి అయి ఉండాలి. పెద్దగా ఉబ్బి, లోపల దారాలు తేలుతున్నవి ప్రథమ దశలోకి అడుగుపెడుతున్నవి. వాటిలో డీఎన్‌ఏ నకలు పూర్తయిపోయింది. ఉల్లికి క్రోమోజోములు 16 మాత్రమే అయినా, జన్యురాశి (ఒక సెట్టు డీఎన్‌ఏ మొత్తం) సుమారు 1,600 కోట్ల క్షార జంటలు, అంటే డీఎన్‌ఏ నిచ్చెన మెట్లు, మనిషి దానికి ఐదు రెట్లు. అంత పొడవునూ ఒక్క పొల్లు వదలకుండా రెండోసారి రాయాలి. అది తలచుకుంటే, కదలకుండా కనిపించే ఆ గుండ్రని మచ్చ మీద నాకు గౌరవం కలుగుతుంది.

ఈ రెండు కొసల మధ్య ఉన్నవి ఎంతవరకు వచ్చాయో చెప్పగలనా అని కంటికొలబద్దతో, అంటే సూక్ష్మదర్శిని కంటి కటకంలో అమర్చే గీతల స్కేలుతో, కేంద్రకాలను కొలిచాను. "నొక్కినప్పుడు కేంద్రకాలు చదునవుతాయి, ఆ కొలతను నమ్మకు" అంది పిన్ని. నిజమే. రంగు వేసిన స్లైడుకు ఆ శక్తి లేదు. 1953లో అల్మా హోవర్డ్, స్టీఫెన్ పెల్క్ దీన్ని వేరే దారిలో పట్టుకున్నారు. చిక్కుడు జాతికి చెందిన విసియా ఫాబా వేళ్లకు రేడియోధార్మిక ఫాస్ఫరస్ ఇచ్చి, అది ఎప్పుడు డీఎన్‌ఏలో చేరుతోందో ఫొటో ఫిల్ము మీద చూశారు. నకలు తీసే కాలం అంతర్దశ నడుమ ఉందని తేలింది. దాన్ని ఎస్ (సింథసిస్, తయారీ) అన్నారు, ముందు వెనకల కాలాలను జి1, జి2 అన్నారు. జి అంటే గ్యాప్, ఖాళీ. ఆ పేరు నాకు నచ్చదు. జి1లో కణం ఎదుగుతుంది, విభజనకు పోవాలా వద్దా తేల్చుకుంటుంది. జి2లో మొక్క కణం కొత్త గోడ ఎక్కడ కట్టాలో సూక్ష్మనాళికల (కణంలోని సన్నని ప్రొటీను గొట్టాల) పట్టీతో ముందే గుర్తు పెట్టుకుంటుంది. ఆ పట్టీని 1966లో గోధుమ కణాల్లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూశారు. నా స్లైడులో అది కనిపించదు.

ఆరో వారం. మూడు గ్లాసులు పెట్టాను, ఒకటి గదిలో, ఒకటి ఫ్రిజ్‌లో, మూడోది రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచి గదిలోకి తెచ్చేది. చల్లదనంలో కణచక్రం, అంటే ఒక విభజన నుంచి తర్వాతి విభజన వరకు సాగే క్రమం, నెమ్మదిస్తుంది. వెచ్చబడ్డాక ప్రథమ దశ ఎన్ని గంటలకు పెరుగుతుందో చూడాలి. ప్రతి నాలుగు గంటలకూ మూడు కొనలు కోయాలి. సీసాల మీద వేళ రాసిన చీటీలు అంటించాను. తెల్లవారుజాము కోతకు అలారం పెట్టుకున్నాను.