హంఫ్రీ హాజరు పట్టీ

అమెరికా డెమోక్రాటిక్ నాయకుడు హ్యూబర్ట్ హంఫ్రీ అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1968 అధ్యక్ష ఎన్నికల్లో నిక్సన్ చేతిలో ఓటమే. ఆయన పనితనం చూడాలంటే మాత్రం 1964కి వెళ్లాలి.

సౌత్ డకోటాలో తండ్రి మందుల షాపులో పనిచేసిన ఫార్మసిస్టు. 1945లో మినియాపొలిస్ మేయర్. 1948 డెమోక్రాటిక్ మహాసభలో పౌరహక్కుల తీర్మానాన్ని నెగ్గించారు, ఆ ఏడాదే అమెరికా ఎగువ సభ సెనేట్‌కి గెలిచారు. మాటకారి అన్న ముద్ర అప్పుడే పడింది. కానీ జాతి వివక్షను నిషేధించే 1964 పౌరహక్కుల బిల్లును గట్టెక్కించింది ప్రసంగాలు కావు, తలల లెక్క.

సెనేట్‌లో చర్చకి గడువు లేదు, ఇష్టంలేనివాళ్లు మాట్లాడుతూనే ఉండి బిల్లును ఆపొచ్చు. ఆ చర్చను ఆపించాలంటే 'క్లోచర్' (చర్చ ముగింపు తీర్మానం) నెగ్గాలి: అప్పట్లో వందమందీ ఓటేస్తే 67 కావాలి. డెమోక్రాట్లు సరిగ్గా 67 మందే, అందులో దక్షిణాదివాళ్లంతా దాదాపు ఎదురుపక్షం. అంటే రిపబ్లికన్లు 20 మందికి పైగా రావాలి.

అంతకన్నా పెద్ద తలనొప్పి కోరం, అంటే సభ నడవడానికి కావలసిన కనీస హాజరు. బిల్లును అడ్డుకోడానికి సభలో ఒకరిద్దరుంటే చాలు. వాళ్లు "కోరం లేదు" అన్నారంటే 51 మంది పరుగున రావాలి. రాకపోతే సభ వాయిదా. వాయిదా పడితే కొత్త 'శాసన దినం' మొదలు. ఒక శాసన దినంలో ఒక అంశంపై ఒక్కొక్కరికి రెండు ప్రసంగాలే అన్న లెక్క మళ్లీ మొదటికొస్తుంది! అందుకే రాత్రిళ్లు వాయిదా వేయకుండా వీలైనంతవరకు విరామమే ఇచ్చేవారు, దాంతో పాత శాసన దినమే కొనసాగేది. హంఫ్రీ తన డెమోక్రాట్లకి హాజరు వంతులు వేశారు. అటు రిపబ్లికన్లని కెలిఫోర్నియా సెనేటర్ థామస్ కీకల్ చూసుకునేవారు. బిల్లులో ఒక్కో భాగానికి ఒక్కో సెనేటర్‌ని బాధ్యుణ్ణి చేశారు. రిపబ్లికన్ నాయకుడు డర్క్‌సెన్ అడిగిన సవరణలు కొన్ని ఒప్పుకుని, పేరు కూడా ఆయనకే రానిచ్చారు. ఇది అందరికీ చేతనయ్యే పని కాదు.

జూన్ 10న క్లోచర్ 71–29తో నెగ్గింది. మెదడులో కణితితో మాట పోయిన సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. పేరు పిలిచినప్పుడు ఆయన తన కన్ను చూపించారు. ఇంగ్లీషులో కంటికీ, అనుకూల ఓటుకీ ఒకటే శబ్దం, 'ఐ'. జూన్ 19న బిల్లు 73–27తో గట్టెక్కింది.

1965 జనవరిలో ఉపాధ్యక్షుడయ్యాక అదే సభకి అధ్యక్షుడు, ఓటు మాత్రం సభ్యుల ఓట్లు సమానమైతేనే. ఆ ఫిబ్రవరిలో వియత్నాం యుద్ధాన్ని పెంచొద్దని అధ్యక్షుడు జాన్సన్‌కి రాసిన పాపానికి ముఖ్య సమావేశాలకి పిలుపే ఆగిపోయింది. తర్వాత అదే యుద్ధాన్ని బహిరంగంగా వెనకేసుకొచ్చారు. 1968లో ఒక్క శాతం కన్నా తక్కువ ఓట్ల తేడాతో ఓడిపోయారు. 1971లో మళ్లీ సెనేట్‌కే వచ్చి, 1978 జనవరిలో చనిపోయేదాకా అక్కడే ఉన్నారు.