లేసు కట్టుకోవడానికి వంగాడు

వంగి షూ లేసు కట్టుకున్నాడు, లేవబోయి అలాగే కుప్పకూలిపోయాడు. ఇటలీ ఫుట్‌బాలర్ ఎదోఆర్దో బోవే వీడియో పొద్దున్నే ఫోన్‌లో కనపడింది. అప్పుడు వాడు ఆడుతున్న ఫియోరెంతీనాకీ, ఇంటర్‌కీ మధ్య ఇటలీ లీగ్ మ్యాచ్, 2024 డిసెంబర్ 1. రెండు టీముల వాళ్లూ పరిగెత్తుకొచ్చి చుట్టూ గోడలా నిలబడ్డారు, కెమెరాలకి కనపడకుండా. ఎన్నిసార్లు చూసినా అక్కడికి వచ్చేసరికి నా గొంతు పట్టేస్తుంది.

అప్పటికి వాడికి 22 ఏళ్లే. రోమ్‌లో పుట్టి, అక్కడి రోమా క్లబ్ అకాడమీలోనే పెరిగి, 2023లో యూరప్ క్లబ్‌ల టోర్నీ యూరోపా లీగ్ సెమీస్‌లో జర్మనీ క్లబ్ లెవర్కూసెన్ మీద, అదీ సొంతూరి స్టేడియంలో, గెలుపు గోల్ కొట్టిన కుర్రాడు. మిడ్‌ఫీల్డ్‌లో బంతి పోతే చాలు, దాని వెనకే పడి పరిగెత్తేవాడు. నాకు వాడు నచ్చింది అందుకే.

గుండె ఆగినా ప్రాణం దక్కింది, గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ ఛాతీలో పెట్టారు. అది ఉంటే ఇటలీలో ప్రొఫెషనల్‌గా ఆడనివ్వరు. 2021లో ఇలాగే మైదానంలో కూలిపోయిన డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ కూడా అందుకే ఇంటర్ వదిలి 2022లో ఇంగ్లండ్ క్లబ్ బ్రెంట్‌ఫర్డ్‌కి వెళ్లాల్సొచ్చింది. ప్రాణాలతో పని కాబట్టి ఆ రూల్‌ని తప్పుపట్టలేను, కానీ సొంత దేశంలో ఆడే దారి మూసుకుపోవడం ఆ వయసులో ఎంత నరకమో. వాడు ఏ దేశంలో ఆడినా సరే, రాత్రి ఎంతైనా మేలుకుని చూస్తాను.