నడక వచ్చింది, గడప దాటనివ్వలేదు

పక్షవాతం వచ్చాక చెయ్యెలా ఉంది కాలెలా ఉంది అని అందరూ అడుగుతారు, పేరంటానికి వెళ్తున్నావా, మీటింగుకి వస్తున్నావా అని మాత్రం ఎవరూ అడగరండీ. అందుకే ఇది రాస్తున్నా.

మాది తెనాలి. బీపీ మాత్రలు వేసుకుంటూనే ఉన్నా, ఓ పొద్దున పళ్ళు తోముకుంటుంటే కుడిచేతిలోంచి బ్రష్ జారిపోయింది, మూతి వంకర పోయింది, మాట ముద్దగా వచ్చింది. మా అబ్బాయి వెంటనే 108కి ఫోన్ చేశాడు, గుంటూరులో సీటీ స్కాన్ తీసి మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందని కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. ఆ ఇంజెక్షన్ పక్షవాతం లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే ఇవ్వాలంట. నాటుమందు, పసరు అని తిరిగితే ఆ టైం కాస్తా అయిపోతుంది, దయచేసి అలా తిరగొద్దు.

ఇంటికొచ్చాక ఫిజియో అమ్మాయి వచ్చి చేయించేది. లేచి కూర్చోడం, గోడ పట్టుకుని నడక, కుడిపాదం వేలాడకుండా చెప్పులో ప్లాస్టిక్ పట్టీ. నడక వచ్చింది. కానీ నడిచేది ఎక్కడికి, మంచం నుంచి బాత్రూంకి, హాల్లోంచి వంటింట్లోకి. పెళ్ళిళ్ళొస్తే "నువ్వెందుకమ్మా కష్టపడ్డం, మేం వెళ్ళొస్తాంగా" అనేవాళ్ళు, ప్రేమతోనేలెండి, అయినా వాళ్ళ ఆటో వెళ్ళిపోతుంటే ఏడుపొచ్చేది. ఆకలి పోయింది, నిద్ర పోయింది. పక్షవాతం వచ్చినవాళ్ళలో దాదాపు మూడోవంతు మందికి డిప్రెషన్ వస్తుంది, దానికీ మందుందని డాక్టర్ గారు చెప్తే వాడాను.

అసలు మార్పు డ్వాక్రా మీటింగుతో. మా వదిన చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. సంతకాల పుస్తకం నా దాకా రాగానే ఒకావిడ వేలిముద్రకి ఇంకు ప్యాడ్ ముందుకి జరిపింది. నేను వద్దన్నా. ఎడంచేత్తో పెన్ను కుడిచేతి వేళ్ళ మధ్య ఇరికించి, పేజీ కదలకుండా మోచెయ్యి ఆనించి పేరు రాశా, చివరక్షరం గీత దాటి పక్కావిడ గళ్ళోకి పోయింది, అంతసేపూ అందరూ ఆగారు. నేను మాట తడుముకుంటున్నా ఎవరూ అందుకోకుండా ఆగుతారక్కడ, నా మాట బాగుపడింది అలాగే. బళ్ళూ గేదెలూ తప్పించుకుంటూ ఆ వీధిలో నడిస్తే వచ్చిన నిలకడ ఇంట్లో గోడ పట్టుకుంటే రాలేదు.

ఇప్పుడు బజారుకి ఒక్కదాన్నే వెళ్తున్నా, బస్సు మెట్టు మాత్రం ఇంకా ఎక్కలేను. వచ్చే నెల మేనకోడలి పెళ్ళి, హాలు మాట్లాడేముందు మెట్లకి రెయిలింగ్ ఉందో లేదో చూడమని మా తమ్ముడికి చెప్పా, అక్కా నువ్వొస్తానంటే భోజనాలు కిందే పెట్టిస్తా అన్నాడు.