దాచిన సగమే అసలు జబ్బు: స్కిజోఫ్రీనియాతో మా ఇంటి అనుభవం

తమ్ముడికి వైద్యం ఆలస్యం కావడానికి కారణం డాక్టర్లు కాదు, మేమే. మొదటిసారి వెళ్ళినప్పుడు "నిద్ర పట్టడం లేదు, ముభావంగా ఉంటున్నాడు" అన్నాం. ఎవరూ లేకున్నా వాడికి గొంతులు వినిపిస్తున్నాయన్న సంగతి మింగేశాం. నిద్రకు మందు రాశారు. మేం చెప్పిన సగానికి అది సరైన మందే.

రెండోసారి ఒక కాగితం రాసుకుని వెళ్ళాను. ఒక్క పేజీ చాలు, అంతకు మించితే చదివే తీరిక ఎవరికీ ఉండదు. మొట్టమొదట రాయాల్సింది తేదీ: మనిషి ఎప్పటిలా ఉన్నాడని ఇంట్లో అందరూ ఒప్పుకునే ఆఖరి రోజులు ఎప్పటివి? లక్షణాలు ఎన్నాళ్ళుగా ఉన్నాయన్నది నిర్ధారణలో లెక్కకు వస్తుంది. డాక్టర్లు జబ్బు నిర్ధారణకు చూసే పుస్తకాలు రెండు: ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 కనీసం నెల అంటుంది, అమెరికా మానసిక వైద్యుల సంఘం డీఎస్ఎం-5 జబ్బు జాడలు 6 నెలలు ఉండాలంటుంది.

ఆ కింద చూసింది చూసినట్టు రాయాలి. "అనుమానం ఎక్కువైంది" అంటే డాక్టరుకు ఏమీ అందదు. "మూడు రాత్రులుగా కిటికీ సందులకు కాగితాలు అంటిస్తున్నాడు. ఫోను ఆపేసి బట్టల అడుగున కుక్కాడు. ఎవరూ లేని గదిలో 'వద్దు, నేను చెప్పను' అని జవాబిస్తున్నాడు" అంటే అందుతుంది. నిద్ర గంటలు, స్నానం, తిండి, పనికో చదువుకో వెళ్ళడం మానేసిన రోజు, ఇదివరకు వాడిన మందులు డోసులతో సహా రాయాలి. మద్యం, గంజాయి, రక్తసంబంధీకుల్లో ఇలాంటి జబ్బు – కుటుంబాలు దాచేసేది ఈ మూడింటినే. చావు మాట ఎత్తినా, ఎవరినైనా కొట్టమని గొంతులు చెబుతున్నాయన్నా కాగితం, అపాయింట్‌మెంట్ అంటూ ఆగకూడదు, అదే రోజు అత్యవసర విభాగానికి తీసుకెళ్ళాలి.

"పేషెంట్ ఒప్పుకోకుండా మీకు వివరాలు చెప్పలేం" అన్నారంటే తలుపు మూసేసినట్టు కాదు. వాళ్ళు చెప్పకూడదు, అంతే. మనం చెప్పేది వినొచ్చు, కాగితం తీసుకోవచ్చు. అయితే రాసిచ్చానని అతనికీ చెప్పాలి. చాటుగా చేస్తే, ఉన్న అనుమానానికి మనమే సాక్ష్యం ఇచ్చినట్టవుతుంది.

ఒప్పించడం దగ్గర చాలామంది బోల్తా పడతారు. తనకు జబ్బుందని తెలియకపోవడం చాలామందిలో ఈ జబ్బులో భాగమే, మొండితనం కాదు. గొంతులు అబద్ధమని వాదించకూడదు, నిజమని తలూపకూడదు. "నాకు వినిపించడం లేదురా. కానీ నువ్వు ఎంత భయపడుతున్నావో కనిపిస్తోంది. ఆ భయానికి, నిద్రకు ఏమన్నా చేస్తారేమో అడుగుదాం" – ఇంత మాట చాలు. ఒక్కసారికి ఒప్పుకోకపోవచ్చు, పది రోజులకు మళ్ళీ అనాలి.

మందులు పూర్తిగా పనిచేయడానికి వారాలు పడుతుంది. ఈలోగా ఒక పొరపాటు జరుగుతుంది. మనిషి కూర్చోలేడు, కాళ్ళు ఆగవు, గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడు. జబ్బు ముదిరిందని డోసు పెంచమంటాం. అది అకథీసియా కావచ్చు, అంటే మందు వల్ల వచ్చే అలజడి. డోసు పెంచితే ఇంకా ఎక్కువవుతుంది. ఎప్పుడు మొదలైందో, డోసు మారిన ఎన్నో రోజునో రాసి చూపించాలి. మెడ, నాలుక, కనుగుడ్లు ఒకపక్కకు పట్టేస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, దానికి విరుగుడు ఉంది. రెండు మందులు సరిపడా డోసులో, సరిపడా వారాలు వాడినా గుణం లేకపోతే క్లోజాపిన్ మాట మనమే ఎత్తాలి, మిగతా మందులకు లొంగని స్కిజోఫ్రీనియాకు ఇచ్చే మందు అది. తెల్లకణాలు తగ్గే ప్రమాదం ఉంది కాబట్టి మొదట్లో వారం వారం రక్తపరీక్ష చేయించాలి, దానికి సిద్ధపడాలి.

"ఎలా పెంచారో!" అని లోకులు అనే మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే కాస్త తేలికవుతుంది. ఈ జబ్బుకు తల్లి పెంపకాన్ని తప్పుపట్టే "స్కిజోఫ్రినోజెనిక్ మదర్" (జబ్బు తెప్పించే తల్లి) అన్న పేరు 1948లో మానసిక వైద్యురాలు ఫ్రీడా ఫ్రామ్ రైష్‌మన్ రాతల్లో కనిపిస్తుంది. వైద్యం దాన్ని ఎప్పుడో వదిలేసింది, లోకులే వదల్లేదు. అందుకని అందరికీ చెప్పుకోనక్కర్లేదు. ఇద్దరు ముగ్గురిని ఎంచుకుని, పని పేరు పెట్టి అడగాలి: "శనివారం నాలుగు గంటలు వాడి దగ్గర కూర్చుంటావా?" అని. "కష్టంగా ఉంది" అంటే జాలి పడతారు, అంతకు మించి ఏమీ జరగదు.

ఆ నాలుగు గంటలూ బయటికి పోవడం స్వార్థమని నాకూ అనిపించేది. కానీ 1976లో వాన్, లెఫ్ అనే పరిశోధకులు చేసిన అధ్యయనంలో తప్పుపట్టడం, మరీ అతిగా పట్టించుకోవడం ఎక్కువున్న ఇళ్ళలో, వారానికి 35 గంటలకు మించి ఎదురెదురుగా గడిపినవాళ్ళకు జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది. అంటే నేను కాస్త దూరం జరగడం వాడికీ మంచిదే. నా నిద్రలేమికి మాత్రం వాడి అపాయింట్‌మెంట్‌లో చోటు వెతకడం మానేశాను. వేరే చీటీ, వేరే రోజు, వీలైతే వేరే డాక్టరు. లేకపోతే వాడి పదిహేను నిమిషాల్లో ఏడు నా ఏడుపుకే పోతాయి.