పులుపు దగ్గర తప్పే కర్సర్

అమ్మ ఫోన్లో చెప్పే పచ్చళ్ల కొలతలన్నీ ఒక ఫైల్లో రాసుకుంటున్నాను. విమ్‌లో, అంటే ఒక టెక్స్ట్ ఎడిటర్లో, టెర్మినల్లోనే (ఆదేశాలు టైప్ చేసే అక్షరాల తెర), ఎందుకంటే రోజంతా నా పని అక్కడే. పోయిన వారం చింతకాయ పచ్చడి వరుసలో ఒక అక్షరం ఎక్కువ పడిందని కర్సర్‌ని దాని మీదికి తెచ్చి, చెరిపే మీట ఎక్స్ నొక్కాను. పోయింది ఆ అక్షరం కాదు, దాని తర్వాత ఉన్న 150లోని 1. ఉప్పు 50 గ్రాములైంది! వెంటనే చూశాను కాబట్టి సరిపోయింది, లేకపోతే జాడీ అంతా బూజే.

ముందు ఫాంట్ మీద అనుమానపడ్డాను. మార్చి చూశాను, తేడా లేదు. కంట్రోల్ ఎల్ నొక్కితే తెర మళ్లీ గీస్తుంది, అక్షరాల ముక్కలేమైనా మిగిలి ఉంటే పోతాయి, కర్సర్ మాత్రం తప్పిన చోటే. లొకేల్ (సిస్టమ్ ఏ భాషలో, ఏ అక్షరాల పద్ధతిలో నడవాలో చెప్పే సెట్టింగ్) కూడా యూటీఎఫ్-8లోనే, అంటే తెలుగుకీ సరిపోయే పద్ధతిలోనే ఉంది. (వేరే సర్వర్లోకి వెళ్లినప్పుడు తెలుగంతా పిచ్చి గుర్తుల్లా కనిపిస్తే మాత్రం మొదట చూడాల్సింది ఈ లొకేలే.)

చివరికి ఖాళీ ఫైల్లో రెండే మాటలు రాశాను. తీపి, పులుపు. తీపి చివర కర్సర్ సరిగ్గా ఉంది. పులుపు చివర మూడు గడులు (టెర్మినల్ తెర మీద అక్షరాలకి ఇచ్చే సమానమైన చోట్లు) వెనకే ఉండిపోయింది. మూడు కొమ్ములు, మూడు గడులు!

సంగతి ఏమిటంటే, కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలకీ వాడే పట్టిక యూనికోడ్‌లో దీర్ఘం, గుడి, ఏత్వం, ఓత్వం, పొల్లు లాంటివి విడిగా చోటు తీసుకోని గుర్తులు. కొమ్ము, వట్రసుడి, సున్న, విసర్గ చోటు తీసుకునేవి. విమ్ రెండు రకాల్నీ ముందున్న అక్షరానికే అతికించి వాటికి గడి లెక్కేయదు, నా టెర్మినలేమో రెండో రకానికి తలా ఒక గడి ఇస్తుంది. ఇద్దరి లెక్కా కలవదు. వరుసలో ఎన్ని కొమ్ములు, సున్నలు ఉంటే కర్సర్ అంత దూరం జరుగుతుంది, తెలుగులో అవి లేని వరుస ఎక్కడ దొరుకుతుంది చెప్పండి. మన ఫైల్‌కి మాత్రం ఏమీ కాలేదు, అది గుర్తుంచుకోండి, తెర బాగా కనబడాలని రాతని మార్చకండి.

ఇప్పుడు ఏదైనా చెరిపే ముందు జీఏ (g, తర్వాత a) నొక్కుతాను, కర్సర్ కింద నిజంగా ఏ అక్షరం ఉందో తెర అడుగున చూపిస్తుంది. డెల్‌కంబైన్ అనే ఆప్షన్ కూడా పెట్టుకున్నాను, దాంతో కొమ్ము ఒక్కటే తీసేయొచ్చు, అక్షరమంతా పోదు. పెద్ద తెలుగు ఫైలైతే ఇంకో ఎడిటర్ ఈమ్యాక్స్‌ని టెర్మినల్లో కాకుండా దాని సొంత విండోలో తెరుస్తాను. 2020లో వచ్చిన 27వ వెర్షన్ నుంచి అది అక్షరాల్ని కలిపి గీసే లైబ్రరీ హార్ఫ్‌బజ్‌తో అక్షరాలు కూర్చుతోంది, ఒత్తులు చక్కగా పడతాయి.

ఇక స్పెల్ చెకింగ్. విమ్‌లో అది 2006 నుంచీ, అంటే 7వ వెర్షన్ నుంచీ ఉంది. ఆన్ చేయగానే తెరంతా ఎర్రబడింది, అక్షరాలే కనబడలేదు. స్పెల్‌బ్యాడ్ అనే రంగులో బ్యాక్‌గ్రౌండ్ తీసేసి అండర్‌లైన్ మాత్రం ఉంచితే చదవడానికి వీలైంది. కానీ నిఘంటువు ఇంగ్లీషుది, దానికి తెలుగు మాటలన్నీ తప్పులే. లిబ్రేఆఫీస్ అనే ఆఫీసు సాఫ్ట్‌వేర్ వాళ్ల తెలుగు స్పెల్లింగ్ జాబితా, అంటే హన్‌స్పెల్ ఫైళ్లు తెచ్చి, విమ్‌లోని ఆదేశం ఎమ్‌కేస్పెల్‌తో మార్చి, భాషల ఆప్షన్లో ఇంగ్లీషు పక్కన తెలుగూ చేర్చాను. చాలా నయం. అయినా "ఎండబెట్టుకోవాలనుకుంటే" లాంటి మాట ఏ జాబితాలో ఉంటుంది? మనం మాటకి మాట అతికిస్తూ పోతాం. పైగా "వెళ్లి", "వెళ్ళి" రెండూ రాస్తాం. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల మధ్య ఉండే, మామూలుగా కనబడని విడదీసే గుర్తు ఒకచోట ఉండి ఇంకోచోట లేకపోతే, అదే మాటకి కూడా గీత పడుతుంది.

సరైన మాట మీద గీత పడితే జెడ్‌జీ నొక్కితే చాలు, మన సొంత జాబితాలో చేరుతుంది. అది మామూలు టెక్స్ట్ ఫైలే, తెరిచి చూసుకోవచ్చు. నా దాంట్లో ఇప్పటిదాకా చేరినవి: గుప్పెడు, చారెడు, సోలెడు, తవ్వెడు.