రీమెడికల్‌లోనూ అన్‌ఫిట్ అన్నాక నేను ఏం చేశానంటే

సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లోకి తీసుకునే ఎస్‌ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్ రాత పరీక్షలో మార్కులు బాగానే వచ్చాయి, ఐదు కిలోమీటర్లు 24 నిమిషాల్లోపే లాగేశాను, తీరా మెడికల్‌లో ఆపేశారు. 'నాక్ నీ' అట. మోకాళ్లు ఆనించి నిలబడమని, లోపలి వైపు చీలమండల మధ్య ఎడం స్కేలుతో కొలుస్తారు, 5 సెంటీమీటర్లు దాటితే అన్‌ఫిట్. నాకు 6 అని రాశారు. ముందున్న కుర్రాడికి పాదాలు సరిగ్గా పెట్టించి కొలిచారు, నన్ను మాత్రం ఎలా నిలబడ్డానో అలాగే కొలిచేశారు.

మర్నాడు అక్కడే రీమెడికల్, అంటే అన్‌ఫిట్ అన్నవాళ్లను ఇంకో బోర్డు మళ్లీ చూడటం. ఎముకల డాక్టరు లేరు, ఎక్స్‌రే లేదు. చేతికిచ్చిన కాగితంలో నాక్ నీ ఊసే లేదు, 'ఫ్లాట్ ఫుట్' (అరికాలికి వంపు లేకపోవడం) అని ఉంది. అంటే రాత్రికి రాత్రి నా లోపం మోకాళ్ల నుంచి అరికాళ్లకు దిగిపోయిందన్నమాట! ఆ టెన్షన్‌లో నేను గమనించనే లేదు, ఇంటికొచ్చాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది మా మావయ్య.

రీమెడికల్ తర్వాత ఇక అప్పీలు లేదు, మిగిలింది హైకోర్టులో రిట్ (అధికారుల నిర్ణయాన్ని సవాలు చేసే పిటిషన్) ఒక్కటే. ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు వెళ్లమని చాలామంది సలహా ఇచ్చారు గానీ అది ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ వాళ్లకు, మన సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్‌లకు కాదు. ఎస్‌ఎస్‌సీ ప్రధాన కార్యాలయం ఢిల్లీలో ఉంది, ఇలాంటి కేసులు ఎక్కువగా నడిచేదీ అక్కడే అని ఢిల్లీ హైకోర్టులోనే వేశాం.

అప్పటికే నాన్న ప్రభుత్వాసుపత్రి చుట్టూ తిరిగి 'అంతా నార్మల్' అని సర్టిఫికెట్ తెచ్చి పెట్టారు, కేసు గెలిచేసినట్టే అనుకున్నాం. లాయరు గారు దాన్ని చూసి పక్కన పెట్టేశారు. "మీ డాక్టరు మంచివాడే కావచ్చు బాబూ, కానీ తుపాకీ, బరువు మోసుకుని కొండల్లో తిరగడానికి ఏం కావాలో ఫోర్స్ డాక్టర్లకే తెలుసంటుంది కోర్టు. ఆ రెండు కాగితాలు ఇటివ్వు" అన్నారు. 2024లో అదే కోర్టు డివిజన్ బెంచ్ (ఇద్దరు జడ్జీలు) ఇచ్చిన ఒక తీర్పు కూడా చెప్పారు. మామూలుగా మెడికల్ విషయాల్లో కోర్టు వేలు పెట్టదు, కానీ రెండు మెడికల్ బోర్డులు చెప్పినవాటికి పొంతన లేకపోయినా, స్పెషలిస్టు చూడాల్సిన చోట స్పెషలిస్టు లేకపోయినా కలగజేసుకోవచ్చు. నా విషయంలో ఆ రెండూ ఉన్నాయి. ఇంకో మాట, నన్ను ఫిట్ అని ప్రకటించమని మేం అడగలేదు, వేరే ఆసుపత్రిలో స్పెషలిస్టుతో మళ్లీ చూపించమని మాత్రమే అడిగాం.

అందుకే చెబుతున్నా, అక్కడ ఇచ్చిన ప్రతి కాగితాన్నీ ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత ఆర్‌టీఐ (సమాచార హక్కు చట్టం) కింద అడుగుదాంలే అనుకుంటే కుదరదు, ఈ బలగాలకు ఆ చట్టం సెక్షన్ 24 కింద మినహాయింపు ఉంది, అవినీతి, మానవ హక్కుల ఆరోపణలైతే తప్ప.

విచారణను ఇంట్లో ఫోన్‌లోనే చూశాను, ఇలా మొదలై అలా అయిపోయింది. ఆర్మీ ఆసుపత్రిలో మళ్లీ పరీక్ష చేయాలి, ఒక పోస్టు ఖాళీగా ఉంచాలి అని ఆర్డరు. దాంతోపాటు ఒక షరతు, ఆ బోర్డు ఏం చెప్పినా ఇరువైపులా కట్టుబడాలి, మళ్లీ కోర్టుకు రాకూడదు. సంతోషం కంటే భయమే ఎక్కువేసింది.

అక్కడ ఎముకల డాక్టరు ముందు పాదాలు సరిచేసి, తొడలు బిగించొద్దని చెప్పి కొలిచారు. 5 లోపే వచ్చింది. తర్వాత మునివేళ్ల మీద నిలబడమన్నారు. అలా లేచినప్పుడు అరికాలి వంపు మళ్లీ కనబడి, నొప్పి లేకుండా మునివేళ్ల మీద గెంతి పరిగెత్తగలిగితే ఫ్లాట్ ఫుట్ అయినా తీసుకోవచ్చని ఫోర్స్ రూల్స్‌లోనే ఉంది. క్యాంపులో నన్ను ఆ పని చేయమని ఎవరూ అడగలేదు!

ఫిట్ అని రాశారు. మా బ్యాచ్ వాళ్ల ట్రైనింగ్ అప్పటికే సగం దాటింది కాబట్టి తర్వాతి బ్యాచ్‌లో చేరమన్నారు. సీనియారిటీ పాత బ్యాచ్‌తోనే, జీతం మాత్రం చేరిన రోజు నుంచే.