ఇవాళ చెకప్

పొద్దున ఐదింటి బస్సుకి కరీంనగర్ నుంచి హైదరాబాద్ బయల్దేరాం. పరగడుపున వేసుకునే థైరాయిడ్ మాత్ర చిన్నోడే గుర్తుపెట్టుకుని వేసుకున్నాడు. గేటు దగ్గర ఎదురింటి అక్క, "ఎప్పుడో తగ్గిపోయింది కదా, ఇంకా ఈ తిరుగుడెందుకు?" అంది. బస్సుకి టైమవుతోందని నవ్వి ఊరుకున్నా.

గడ్డ తీసి పదేళ్లైంది, నిజమే. 2015లో వాడికి ఏడేళ్లు. చిన్నమెదడులో మెడుల్లోబ్లాస్టోమా అనే క్యాన్సర్ గడ్డ. ఆపరేషన్, తలకీ వెన్నుకీ రేడియేషన్, తర్వాత కీమో. వాడు బతికింది వాటితోనే. కానీ రేడియేషన్ తగిలిన వెన్ను సరిగ్గా పెరగలేదు. ప్యాంటు వాడి వయసు సైజే సరిపోతుంది, చొక్కా మాత్రం చిన్నపిల్లల సెక్షన్లో వెతకాలి. బట్టల షాపులో ప్రతిసారీ నా గుండె కలుక్కుమంటుంది.

ముందు వినికిడి పరీక్ష. అద్దాల గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, శబ్దం వినపడ్డప్పుడల్లా బటన్ నొక్కాలి. మొదట్లో చకచకా నొక్కాడు. కీచు శబ్దాలు మొదలయ్యేసరికి బొటనవేలు బటన్ మీదే ఆగిపోయింది. ఇవతల నేను ఆ వేలునే చూస్తూ నిలబడ్డా. కీమోలో ఎక్కించిన సిస్‌ప్లాటిన్ మందు మొదట ఆ శబ్దాలనే తీసుకెళ్లిపోతుంది. అందుకే మాటల్లో 'స', 'శ' వాడికి సరిగ్గా అందవు. పోయినేడాది కంటే తగ్గలేదన్నారు. హమ్మయ్య అనుకున్నా.

థైరాయిడ్ రక్తపరీక్షకి టీఎస్‌హెచ్ ఒక్కటే రాస్తే చాలదు. అది థైరాయిడ్‌ని పనిచేయించడానికి మెదడు కింది పిట్యూటరీ గ్రంథి వదిలే హార్మోన్. రేడియేషన్‌కి పిట్యూటరీ దెబ్బతింటే టీఎస్‌హెచ్ నార్మల్‌గానే కనపడొచ్చు, థైరాయిడ్ వదిలే హార్మోన్ ఫ్రీ టీ4 కూడా చూడాలి. ఈ సంగతి మన ఊళ్లో ఎవరూ చెప్పలేదు, ఇక్కడికొచ్చాకే తెలిసింది.

చదువు గురించి కూడా అడిగారు. లెక్కలన్నీ వచ్చు, రాయడమే నిదానం. బద్ధకమని ఒక టీచర్ డైరీలో రాసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అది బద్ధకం కాదు. తలకి అంత రేడియేషన్ పడ్డ పిల్లలకి ఆలోచన అందుకోవడానికే ఎక్కువ టైం పడుతుంది.

ఈసారి డాక్టరుగారు నన్ను కాదు, వాడినే అడిగారు, "నీకు ఏం జబ్బు వచ్చిందో చెప్పు బాబూ" అని. వచ్చే ఏడాది పద్దెనిమిది నిండుతాయి, పెద్దల డాక్టర్ల దగ్గరికి మారాలి. వాడు జబ్బు పేరు తడబడకుండా చెప్పాడు. వాడి చేతిలో ఒక కాగితం పెట్టారు. తలకీ వెన్నుకీ 23.4 గ్రే (రేడియేషన్ కొలత), గడ్డ ఉన్నచోట మొత్తం 54 గ్రే, కీమో మందుల పేర్లు, డోసులు. రేడియేషన్ పడ్డచోట ఇరవై, ముప్పై ఏళ్లకి కూడా కొత్త గడ్డ రావచ్చు, ఎప్పుడు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఇది చూపించమన్నారు.

తిరుగు బస్సులో దాన్ని ఫొటో తీసి ఫోన్లో దాచుకున్నాడు. "అమ్మా, సిస్‌ప్లాటిన్ నాకు ఎన్నిసార్లు ఎక్కించారు?" అన్నాడు. చెప్పాను. సిద్దిపేట దాటేదాకా ఒక్కొక్కటీ అడుగుతూనే ఉన్నాడు.